ముక్కు చెదరని రాణులు

రోమన్ మహారాణుల నాణేల బజారులో ఒక లెక్క నడుస్తుంది. అంతఃపురంలో ఎక్కువకాలం నిలిచిన రాణి చవక. తొందరగా వెళ్లగొట్టించుకున్న రాణి ప్రియం. అలెగ్జాండర్ సెవెరస్ చక్రవర్తి తల్లి జూలియా మమేయా 222 నుంచి 235 దాకా, అంటే కొడుకుతో పాటు సైనికుల చేతిలో చచ్చేదాకా, చక్రం తిప్పింది. ఆమె వెండి దెనారియస్ ఇద్దరు మంచి హోటల్లో భోంచేసే ఖర్చుకు వస్తుంది. ఆమె కోడలు ఓర్బియానా 225లో పెళ్లి చేసుకుని వచ్చింది, 227లో లిబియాకు ప్రవాసం పోయింది. అగస్టా అన్న బిరుదు ఇంట్లో ఇంకొకరికి ఉండటం అత్తగారికి గిట్టలేదని హెరోడియన్ అనే ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. ఆ కోడలి నాణెం ధర అత్తగారి నాణేనికి ఎన్నో రెట్లు. బొరుసు మీద చెక్కిన మాట మాత్రం 'కంకోర్డియా', సామరస్యం.

ఇంకా పైమెట్టు డిడియా క్లారాది. 193లో చక్రవర్తి అంగరక్షకులైన ప్రిటోరియన్ సైనికులు సామ్రాజ్యాన్నే వేలానికి పెడితే పాడుకున్నవాడు ఆమె తండ్రి డిడియస్ జూలియానస్. అరవై ఆరు రోజులు ఏలి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ కాస్త సమయంలోనే భార్య మాన్లియా స్కాంటిల్లా పేరనా కూతురి పేరనా నాణేలు కొట్టించాడు. కూతురి బొరుసు మీద ఉన్నది కాలపు ఉల్లాసానికి ప్రతీక అయిన హిలారిటాస్ అనే దేవత. తండ్రి పోయాక ఆ అమ్మాయి బిరుదు కూడా పోయింది. ఇవాళ ఆమె వెండి నాణెం కావాలంటే వేలల్లో పౌండ్లు తీయాలి.

డీలర్లు ఇంత పచ్చిగా చెప్పరు. 'అరుదు' అంటారు. వాళ్లను అనుకుని లాభం లేదు. క్యాటలాగులో కొత్త పేరు కనబడితే నేను మొదట చూసేది ముఖం కాదు, ఆమె ఎన్నాళ్లుందన్నది. తక్కువకాలం అని తేలితే నాలో ఒక చిన్న సంబరం లేస్తుంది. ఎవరో పద్దెనిమిదేళ్ల పిల్లను ద్వీపానికి తోలేశారన్న సమాచారం నా గుండెను వేగంగా కొట్టిస్తుంది. ఈ సంబరం గురించి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాది గుంటూరు జిల్లా. ఇంగ్లండ్‌లో ప్రసూతి వైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. నా మహాగని పెట్టెలో, అరల్లో గుడ్డ పరిచి అమర్చుకున్న నాణేలన్నీ రాణులవే. ఎందుకని అడిగినవాళ్లకు ఒక కథ చెబుతుంటాను. మా నాయనమ్మ కాసులపేరులో కాసు కాసుకూ విక్టోరియా రాణి ముఖం ఉండేదనీ, చిన్నప్పుడు ఆ కాసులు తిప్పి చూస్తూ కూర్చునేవాణ్ననీ, ఆడమనిషి ముఖం ఉన్న నాణెం అంటే అప్పట్నుంచే ఇష్టమనీ. కాసులపేరు నిజం, తిప్పి చూడటం నిజం. అదే కారణమన్నది మాత్రం నేను తర్వాత కుట్టుకున్నది. అసలు కారణం చెబితే ఎవరికీ ముచ్చటగా అనిపించదు. చక్రవర్తులూ, సహచక్రవర్తులూ, తిరుగుబాటుదార్లూ, వాళ్ల వందలాది బొరుసులూ కలిస్తే ఆ పట్టిక ఒక జన్మలో పూర్తికాదు. రాణుల పట్టిక చిన్నది. డబ్బూ ఓపికా ఉంటే చివరిదాకా వెళ్లొచ్చనిపించింది. పూర్తి చేయగలిగిన జాబితా కోసం వెతుక్కుంటే ఆడవాళ్లు దొరికారు, అంతే.

రెండో కారణం ఇంకా నామోషీ. తెలుగు సంఘం సమావేశంలో 'రోమన్ నాణేలు సేకరిస్తాను' అంటే ఆవులిస్తారు. 'చరిత్ర పక్కన పెట్టేసిన స్త్రీల ముఖాలు సేకరిస్తాను' అంటే ముందుకు వంగి వింటారు. నేను ఆ రెండో మాటే చెబుతాను.

గౌరవించడానికే సేకరిస్తున్నానన్న మాట ఎంతవరకు నిలుస్తుందో చూసుకోవాలంటే డీలరు బల్ల ముందు నన్ను నేను వినాలి. ట్రే మీద వంగి భూతద్దం పెట్టి గొణుక్కుంటాను: ముక్కు బాగుంది, చెదరలేదు. జుట్టు పోగుపోగునా కనిపిస్తోంది. బుగ్గ మీద గీత పడింది. రంగు కాస్త నలుపు తిరిగింది. మెడ దగ్గర అరిగింది. ఒకసారి మా ఆవిడ పక్కన నిలబడి ఇదంతా విని, "ఏమండీ, పెళ్లిచూపులకొచ్చారా?" అంది. డీలరుకు తెలుగు రాదు కాబట్టి చిరునవ్వు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా చెల్లెలిని చూడ్డానికి వచ్చినవాళ్లు నాలుగడుగులు నడవమన్నారు, జడ ముందుకు వేసుకోమన్నారు. ఒక సంబంధం వాళ్లు 'అమ్మాయి చామనచాయ' అని కబురంపి ఊరుకున్నారు. ఆ రోజు నేను అరిచిన అరుపులకు మా నాన్న నన్ను వీధిలోకి పంపించాడు. అదే చూపు ఇప్పుడు నా కంట్లో ఉంది. నాణేనికి నొప్పి లేదు, నిజమే. కానీ ఈ చూపును నాణేల దగ్గర నేర్చుకోలేదు. ఇంటి నుంచే తెచ్చుకున్నాను. ఎదురింటి వాళ్లదే అనుకున్న రోగం నాకూ ఉందని భూతద్దంలో కనబడింది.

జుట్టు గురించి ఒక మాట మాత్రం నా పక్షాన చెప్పుకుంటాను. రోమన్ రాణుల నాణేల్లో జుట్టు అలంకారం ఒక్కటే కాదు, ఆధారం కూడా. టైటస్ చక్రవర్తి కూతురు జూలియా నుదుటి మీద తేనెపట్టులా లేచిన ఉంగరాలు, జూలియా డోమ్నాకు చెవులు కప్పి దిగిన శిరస్త్రాణం లాంటి కేశబంధం, వీటిని బట్టే ముఖం లేని పాలరాతి తలలకు కూడా పేర్లు పెట్టారు. మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి భార్య చిన్న ఫౌస్టీనా రూపాలు నాణేల మీద మారుతూ పోతాయి. జర్మన్ పండితుడు క్లౌస్ ఫిట్‌షెన్ ఆ మార్పులను ఆమె కాన్పులతో జతచేసి చూపించాడు.

నా వృత్తి వల్ల నాకు దగ్గరైనది ఈ ఫౌస్టీనాయే. 145లో పెళ్లి. 147 నవంబరు 30న తొలి బిడ్డ. మర్నాడే అగస్టా బిరుదు. ఆ తర్వాత ఆమెకు కనీసం పన్నెండు మంది పుట్టారు. అందులో కవలలూ ఉన్నారు. సగం మందికి పైగా తండ్రి బతికుండగానే పోయారు. ఇలాంటి కేస్‌షీటు నా బల్ల మీదికి వస్తే మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో 'హై రిస్క్' అని రాసేవాణ్ని. టంకశాల మాత్రం 'ఫెకుండిటాస్' అని రాసింది, సంతాన సమృద్ధి అని. ఆ వరుసలో ఒక నాణెం నా దగ్గరుంది. బొరుసు మీద సింహాసనం, దాని మీద ఇద్దరు పసివాళ్లు, చుట్టూ 'యుగానికి సౌభాగ్యం' అనే అర్థం వచ్చే అక్షరాలు. 161లో పుట్టిన కవలలు వాళ్లు. ఒకడు నాలుగేళ్లకే పోయాడు. రెండోవాడు బతికి కొమోడస్ అయ్యాడు. ఆ సౌభాగ్యం ఎలాంటిదో రోమ్ తర్వాత చూసింది.

ఎన్నో కాన్పుల గదుల్లో నిలబడ్డవాణ్ని. కన్న తల్లి అలసట నాణేనికి ఎక్కదని నాకు బాగా తెలుసు. అయినా ఆ నాణెం తీసిన ప్రతిసారీ పిల్లల బొమ్మలు అరిగిపోలేదు కదా అని చూస్తాను. ఆమె గురించి ఆలోచించేది ఆ తర్వాతే. 175లో, నలభై అయిదేళ్ల ప్రాయంలో, భర్త దండయాత్ర వెంట వెళ్లి కప్పడోషియాలో హలాలా అనే ఊళ్లో చనిపోయింది. ఆ ఊరికి ఆమె పేరు పెట్టారు, ఆమెను దేవతను చేశారు. మళ్లీ నాణేలు కొట్టారు. అవీ చవకే, బోలెడు కొట్టారు కాబట్టి.

ఆడవాళ్ల గొంతు వినిపిస్తున్నానని చెప్పుకునేవాడు ఒప్పుకోవలసిన సంగతి ఇంకొకటుంది. ఈ నాణేల్లో వాళ్ల గొంతు లేదు. రాణి పేరన కొట్టిన నాణెం రాణి మాట కాదు, ఆమెను చూపించి చక్రవర్తి చెప్పుకున్న మాట: నా ఇల్లు చల్లగా ఉంది, వంశం నిలబడుతుంది, భార్య పతివ్రత. 'పుడిసిటియా', అంటే శీలం, అన్న మాట రాణుల బొరుసుల మీద పదేపదే కనిపిస్తుంది. అవతల సెనేట్ వర్గం మగవాళ్లు రాసిన పుస్తకాలు తీస్తే అవే రాణులు జారిణులు, విషం పెట్టేవాళ్లు, గ్లాడియేటర్ల వెంటపడేవాళ్లు. చిన్న ఫౌస్టీనా మీద కూడా ఆ గ్లాడియేటర్ కథ అంటించారు. భర్త పొగడ్త ఒక పక్క, పరాయి మగవాళ్ల వదంతి ఒక పక్క, మధ్యలో ఆమె అన్న మాట ఒక్కటీ మిగల్లేదు. నేను ఆ వదంతిని నమ్మను. కానీ నాణెం చేతికిచ్చి స్నేహితులకు చూపించేటప్పుడు ఆ కథ చెప్పకుండా ఉండలేను. నాణెం తిరిగి నా చేతికొచ్చేలోపు కథ నలుగురి చెవిన పడుతుంది.

నాణెం మీద తన చోటు కోసం నిజంగా పెనుగులాడిన రాణి ఒకతె ఉంది, నీరో తల్లి అగ్రిప్పీనా. 54లో నీరో గద్దెనెక్కిన కొత్తలో వచ్చిన బంగారు ఔరియస్ మీద తల్లీకొడుకులు ముక్కుకు ముక్కు ఎదురుగా ఉంటారు. ఆ బొమ్మ చుట్టూ ఉన్న పేరు తల్లిది. కొడుకు పేరు బొరుసుకు పోయింది. 55 వచ్చేసరికి కొడుకు ముందుకొచ్చాడు, తల్లి ముఖం అతని వెనక అంచులా మిగిలింది, పేర్లు తారుమారయ్యాయి. ఆ తర్వాత రోమ్ టంకశాల నాణేల మీద ఆమె కనిపించదు. 59లో కొడుకే చంపించాడు. ఒక రాజకీయ పతనాన్ని రెండు నాణేల్లో ఇంత బాగా చూపించే జత ఇంకొకటి నాకు తెలియదు. అది నా స్తోమతకు అందదు. అందితే కొనకుండా ఉంటానా అంటే, ఉండను.

ఇక ప్లౌటిల్లా. ఈ వ్యాసం అసలు ఆమె కోసమే మొదలుపెట్టాను. తండ్రి ప్లౌటియానస్ ప్రిటోరియన్ దళాధిపతి, సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తికి కుడిభుజం. 202లో కూతుర్ని ఆ చక్రవర్తి కొడుకు కారకల్లాకు ఇచ్చి చేశాడు. ఆ కట్నంతో యాభై మంది రాచకన్యల పెళ్లిళ్లు అయ్యేవని చరిత్రకారుడు డియో రాశాడు. కారకల్లాకు ఆ పిల్లంటే పడలేదు, కలిసి భోంచేయడానికి కూడా ఒప్పుకోలేదంటాడు హెరోడియన్. 205లో మామను చంపించి ఆమెను లిపారి దీవికి పంపేశారు. 211లో సెవెరస్ పోయాక అక్కడే ఆమెను చంపించారు. కాపురం ఉన్న కాస్త కాలంలో కొట్టిన నాణేల మీద వధూవరులు చేతులు కలిపి నిలబడి ఉంటారు. ఒకదాని మీద 'శాశ్వత సామరస్యం', ఇంకొకదాని మీద 'సామ్రాజ్యానికి అంకురం'.

ఆమె దెనారియస్ నా దగ్గరుంది. అత్తగారు జూలియా డోమ్నా నాణెం పక్క గుంటలోనే ఉంది. డోమ్నా 193 నుంచి 217 దాకా నిలిచింది, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతుంది. సన్నని మెడ, ముడి వేసిన జుట్టు, ఇంకా పూర్తిగా పెద్దది కాని పిల్ల ముఖం ప్లౌటిల్లాది. కొన్ని అచ్చుల్లో భర్త కనుబొమల ముడినే ఆమె ముఖానికి అంటించారా అన్నట్టు ఉంటుంది. ఆ నాణెం మీద నాకు నిజంగానే మమకారం. అయినా నా ఆశ అక్కడితో ఆగలేదు.

ప్రవాసానికి పంపాక ఆమె పేరును శాసనాల్లోంచి చెక్కేశారు. నేటి టర్కీలో ఉన్న కారియా ప్రాంతపు నగరం స్ట్రాటోనికేయాలో ఇంకో అడుగు ముందుకేసి, కారకల్లా, ప్లౌటిల్లా ఎదురెదురుగా ఉన్న పెద్ద కంచు నాణేల మీద ఆమె ముఖాన్ని గీకేశారు. కారకల్లా చంపించిన తమ్ముడు గెటా ముఖాన్నీ అలాగే గీకారు. భర్త ముఖం చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎదురుగా ఒక గరుకు గుంట. వేలంలో ఇలాంటిదొకటి వస్తుందేమోనని ఏళ్లుగా చూస్తున్నాను. ఆమె ముఖం ఉన్న నాణెం కన్నా ఆమెను చెరిపేసిన నాణెం నాకు ఎక్కువ కావాలి. గౌరవం, జ్ఞాపకం అని నేను చెప్పుకునేవన్నీ ఇక్కడ నీరుగారిపోతాయి. పెట్టెలో దానికోసం ఒక గుంట కూడా ఖాళీ ఉంచాను.

తొందరగా పోయిన రాణి ప్రియం అన్న లెక్కకు లొంగని రాణి కూడా ఉంది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి భార్య ఫౌస్టాను 326లో భర్తే చంపించాడు. మరిగే స్నానాలగదిలో ఊపిరాడకుండా చేశాడని తర్వాతి చరిత్రకారులు రాశారు. ఆమె కంచు నాణెం మీద ఇద్దరు బిడ్డలను ఎత్తుకున్న స్త్రీ, 'రాజ్యానికి ఆశ' అన్న మాట. ఎన్నో టంకశాలల్లో ఎడాపెడా కొట్టారు కాబట్టి కొన్నేళ్లు నిలిచిన రాణుల కన్నా ఆమె చవక. ప్రియం కావాలంటే చంపబడితే చాలదు, తక్కువగా ముద్రించబడాలి కూడా. బజారు ఆమె చావుకు కూడా విలువ కట్టలేదు.

అన్నీ ఏడుపు నాణేలే అనుకునేరు. 248లో రోమ్ నగరానికి వెయ్యేళ్లు నిండాయని ఫిలిప్ చక్రవర్తి పండుగ చేసి, ఆటల్లో చూపించే మృగాలను నాణేలకెక్కించాడు. తనకు సింహం ఉంచుకుని భార్య ఒటాసిలియా సెవెరాకు నీటిగుర్రాన్ని ఇచ్చాడు. బొమ్మ వైపు నెలవంక మీద ఠీవిగా రాణి, తిప్పితే లావుపాటి నీటిగుర్రం, దాని కాళ్ల కింద నాలుగో కార్ఖానాలో కొట్టారని నాలుగు నిలువు గీతలు. మా ఆవిడ ఇష్టంగా చేతిలోకి తీసుకునే నాణెం ఇదొక్కటే.

నా నాణేలు ఎక్కణ్నుంచి వచ్చాయన్న ప్రశ్న మిగిలింది. చీటీ మీద 'పాత యూరోపియన్ సేకరణ' అని ఉంటుంది. దాని వెనక నిజంగా ఎవరో జమీందారు అల్మరా ఉండొచ్చు. బాల్కన్ పొలాల్లో రాత్రిపూట మెటల్ డిటెక్టర్‌తో తిరిగిన మనిషీ ఉండొచ్చు. అడిగితే డీలరు భుజాలెగరేస్తాడు. నేనూ రెండోసారి అడగను. ముఖం బాగుంటే అసలే అడగను.

మట్టి నుంచి విడదీస్తే ఏం పోతుందో తెలియడానికి నాకు మన నెల్లూరే చాలు. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. రైతు పాత బంగారం లెక్కన అమ్ముకున్నాడు, చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్ఫై పైచిలుకు రాబట్టాడు. అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిలో రెండు ఏరుకునే అవకాశం వచ్చింది. అతను ఒక హేడ్రియన్‌నూ ఒక ఫౌస్టీనానూ తీసుకున్నాడు. ఆ సంగతి అతనే రాస్తే ఏసియాటిక్ రిసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయింది. కొన్ని నాణేలు నిన్న టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట, కొన్నిటికి బెజ్జాలున్నాయట, చేతికో మెడకో నగగా వేసుకుని ఉంటారని అతని ఊహ. అంటే మా నాయనమ్మ కాసులపేరుకు ఎన్నో వందల ఏళ్ల ముందే మన నేల మీద ఎవరో ఒకామె రోమ్ బంగారాన్ని మెడలో వేసుకుని తిరిగి ఉండొచ్చు. ఆమె ఎవరు, ఆ గుడి ఎవరిది, కుండ అక్కడికి ఎందుకు చేరింది అన్నవి కరిగిన బంగారంతో పాటే పోయాయి. నేను ఆ గవర్నరు స్థానంలో ఉంటే? ఫౌస్టీనానే తీసుకునేవాణ్ని. గుడి సంగతి గుర్తుకు కూడా వచ్చేది కాదు.

మన నేలలో ఇవి ఇంకా ఉన్నాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో, కరీంనగర్ జిల్లా నస్తుల్లాపూర్‌లో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేల రాశులు బయటపడ్డాయి. మన దేశంలో విరివిగా దొరికే టైబీరియస్ దెనారియస్ బొరుసు మీద కూర్చున్న స్త్రీ అతని తల్లి లివియా అని చాలామంది పండితుల అభిప్రాయం. కాబట్టి మీ పొలంలో పలుగుకు కుండ తగిలి, అందులో ఎవరో పరదేశపు ఆడమనిషి ముఖం కనబడితే, దాన్ని కడగకండి, కంసాలి దగ్గరికి తీసుకెళ్లకండి. ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో గుర్తుపెట్టుకుని కలెక్టరుకు రాసి ఇవ్వండి. 1878 నుంచి అమల్లో ఉన్న నిక్షేపాల చట్టం చెప్పేది కూడా అదే. నాలాంటివాడు కారేసుకుని వచ్చి ముక్కు బాగుందంటూ ధర చెబితే మాత్రం అమ్మకండి.